మా చెల్లెలికి మిగిలిన మాట

మా చెల్లెలు సోషల్ టీచరు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లోళ్ళకు రాజులు, నదులు, పంచాయతీలు, ఓట్లు అన్నీ చెప్తాండె. బడిలో చెప్పే ముందు ప్రతి పాఠమూ ఒకతూరి ఇంట్లో నాకు చెప్పేది. నేను మూడో తరగతిలోనే బడి మాని మా నాయన జీవాల ఎనకాల పోయినదాన్ని. నాకర్థమైతే ఎనక బెంచీ పిల్లోళ్ళకు గూడా అర్థమైతాదని ఆమె లెక్క.

"అక్కా, ఈడ కూచో. రేపు పానిపట్టు యుద్ధం ఉంది" అనేది, రేపు చుట్టాలొస్తాండారు అన్నట్టు.

నేను చేట ముందర పెట్టుకొని శెనక్కాయలు వొలుస్తానో, బియ్యంలో రాళ్ళు ఏరతానో కూచుంటాంటి. ఆమె మాత్రం నిలబడే చెప్పేది. "కాళ్ళు నొప్పి పుట్టవా మే, కూచోని చెప్పు" అంటే, "నేను కూచుంటే పాఠం గూడా కూచుంటాది" అనేది.

పొద్దుటూరులో మా ఇల్లు రెండు గదులు. నా మొగుడు పోయినంక నేనొచ్చి ఆమె దగ్గరే ఉండిపోయినా. ఆమె పెళ్ళి చేసుకోలే. మా పుట్టిల్లు వేంపల్లె దాటి పులివెందుల పక్క, గొర్రెలు మేపుకొనే ఇండ్లు. మా వంశంలో పలక పట్టి చివరిదాకా చదివింది ఆమె ఒక్కతే. మా నాయన ఎండాకాలం మందను తోలుకొని చెన్నూరు కాడ పెన్నా గట్టుకు పోతాంటే, నేను గొర్రెపిల్లను చంకనేసుకొని నడిచేది, ఆమె నా చీర కుచ్చి పట్టుకొని నడుస్తా ఎక్కాలు చెప్పేది. గొర్రెలు మాత్రమే వింటాండె.

ఆమెకు ఒక ఊతపదం ఉండె. రెండు మాటలు చెప్పి ఆపేది. గడ్డం కొంచెం పైకెత్తి, "అంటే?" అనేది. అంతే, ఎదుటోళ్ళు మిగతాది చెప్పాల.

"రాజు పన్ను పెంచినాడు. అంటే?"

"అంటే రైతు కడుపు కాలింది."

"వానల్లేవు, రాయి నేల. అంటే?"

"అంటే మన ఊరు."

"నువ్వు ఎగతాళి చేస్తే ఈ పాఠం సాగదక్కా" అని నగేది.

బడిలోనూ ఇదే. పిల్లోళ్ళు ఆమెకు 'అంటే మేడం' అని పేరు పెట్టినారు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినపడితే "రేయ్, అంటే మేడం వస్తాంది" అని గుసగుసలు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంటికొచ్చి నాకు చెప్పేటప్పుడు మొగమంతా ఎలిగిపోయేది.

క్రీస్తు పూర్వం అనేది నాకు తలకెక్కలేదు. ఎనక్కు పోయేకొద్దీ అంకె పెరిగేదేంది, ముందుకొచ్చేకొద్దీ తగ్గేదేంది అని పోట్లాడినా. ఆమె కాసేపు గోడ పక్క చూసి ఆలోచన చేసింది.

"అక్కా, నువ్వు పులివెందుల నుంచి బస్సులో వస్తాండావు. దోవలో రాళ్ళ మీద పొద్దుటూరు ఎంత దూరమని రాసింటాది. వచ్చేకొద్దీ ఏమైతాది?"

"తగ్గుతాది."

"పొద్దుటూరు వచ్చేసరికి సున్నా. ఈడ దిగకుండా జమ్మలమడుగు పక్కకు పోయినావనుకో. పొద్దుటూరి దూరం మళ్ళా ఒకటి, రెండు అని పెరుగుతా పోతాది. అంటే?"

"అంటే ఏసయ్య పుట్టింది మన పొద్దుటూరులోనా మే?"

ఆమె నగి నగి మంచం మీద పడింది. మరుసటి దినం బడిలో ఆ రాళ్ళ ఉదాహరణే చెప్పిందంట. పరీక్షల్లో ఒక ఆడపిల్ల ఏం రాసిందంటే, 'క్రీస్తు పూర్వం అనగా పులివెందుల వైపు. క్రీస్తు శకం అనగా జమ్మలమడుగు వైపు.' మా చెల్లెలు దానికి సగం మార్కులేసింది. హెడ్మాస్టరు సారు పిలిచి, "ఏందమ్మా ఇది, దీనికి మార్కులా?" అన్నాడంట. "దోవ సరిగ్గానే పట్టింది సార్, ఊరే తప్పింది" అని వచ్చేసింది.

రాష్ట్రం రెండైనంక ఆ బడిలో పాత పటమే గోడ మీద ఉండె. కొత్తది వచ్చేదాకా పైభాగం మీద తెల్లకాగితం అతికిచ్చి పాఠం చెప్పింది. ఒక పిల్లోడు లేచి, "మేడం, తల లేకుండా ఇదెట్ల నిలబడతాది?" అన్నాడంట. "కాలు సముద్రంలో పెట్టుకొని నిలబడతాదిలే, నువ్వు కూచో" అందంట. ఇంకొకామె, "రాజధాని ఏదంటే ఏం రాయాల మేడం?" అంటే, "పుస్తకంలో ఉండేదే రాయి, పెన్సిలుతో రాయి" అందంట. ఇవన్నీ సందకాడ నాకు చెప్పేది. నేను ఎన్నడూ ఆ బడి గడప తొక్కలే గానీ, ఆ తరగతిలో ఎవరు యాడ కూచుంటారో, ఎవరు నిద్రపోతారో నాకు తెలుసు.

ఆ పొద్దు నేను వంటింట్లో ఉగ్గానికి బొరుగులు తడుపుతాండా. ఆమె పడసాలలో జడేసుకుంటా ఆనాటి పాఠం చెప్తాంది. రుతుపవనాలు.

"ఎండాకాలం నేల కాగుతాది. సముద్రం పక్కనుంచి గాలి నేల పక్కకు వస్తాది. అంటే?"

"అంటే వాన" అన్నా, నీళ్ళు పిండుతా.

"అంటే?"

తప్పు చెప్పినానేమో అనుకున్నా. "వాన కాదా? మబ్బా?"

"అంటే?"

"మబ్బు గూడా కాకుంటే ఇంకేంది మే? చలా?"

"అంటే... అంటే..."

ఊరకనే నన్ను ఏడిపిస్తాంది అనుకొని, బొరుగుల చెయ్యితోనే బయటికొచ్చినా. దువ్వెన కింద పడింది. ఆమె గోడకు ఆనుకోని ఉంది. నోరు ఒకపక్కకు పోయింది. కుడిచెయ్యి వేరేవాళ్ళది మాదిరి వేలాడతాంది. కండ్లు మాత్రం నన్నే చూస్తాండాయి, జవాబు చెప్పక్కా అన్నట్టు.

పక్కింటోళ్ళను కేకేసి, ఆటోలో ఆసుపత్రికి, ఆడనుంచి కడపకు తీసుకపోయినాం. ప్రాణం నిలిచింది. కాలు కొంచెం కొంచెం వచ్చింది. కుడిచెయ్యి రాలే. మాట రాలే. ఆ ఒక్కటి తప్ప.

డాక్టరమ్మ నన్ను కూచోబెట్టుకొని చెప్పింది. "ఆమెకు మీరు చెప్పేదంతా తెలుస్తాది. ఆమె చెప్పాలనుకునేది గూడా లోపల ఉంటాది. బయటికొచ్చే దోవ దెబ్బతినింది. ఇట్లాంటోళ్ళకు ఒక్కోసారి ఒక మాట మిగులుతాది. కొందరికి తిట్టు మిగులుతాది, కొందరికి దేవుని పేరు. మీ చెల్లెలికి ఇది మిగిలింది."

"తక్కినవి వస్తాయా తల్లీ?"

"రోజూ మాట్లాడిస్తా ఉండండి" అనింది. వస్తాయని అనలే. నేను దాన్ని వస్తాయని అన్నట్టే ఇంటికి తీసుకపోయినా.

ఇంట్లో అంతా తలకిందులైంది. ఆమె మంచం మీద కూచునేది, నేను నిలబడేది. నాకు గుర్తుండే పాఠాలన్నీ ఆమెకు చెప్పేది. "హరప్పాలో ఇండ్లు ఇటుకలతో కట్టినారు, మురికినీళ్ళకు కాలవలు పెట్టినారు, మన వీధికి ఇంకా రాలే" అంటే ఆ వంకర నోటితోనే నగేది. నేను ఒక రాజు కొడుకును ఇంకొక రాజుకు కట్టబెడితే, ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టి "అంటే! అంటే!" అనేది. ఆ మాటలోనే నీళ్ళు, ఆ మాటలోనే కోపం, ఆ మాటలోనే పక్క మార్చమని. ఏ అంటేకు ఏందో నేను నేర్చుకున్నా. గొంతు ఎత్తినదాన్ని బట్టి, దించినదాన్ని బట్టి.

ఒక అంటే మాత్రం అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగేది. కొయ్యకు తగిలిచ్చిన బడి సంచి పక్క చూసి, వాకిలి పక్క చూసి, నా పక్క చూసి. బడికి ఎప్పుడు పోతా అని. సెలవులు పొడిగిస్తా పొడిగిస్తా వస్తాండాము. అవి అయిపొయ్యేలోపల మాట రావాల, లేకుంటే ఉద్యోగం చాలించుకోవాల. ఆమెకు ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు.

"పోదువులే మే. ముందు నాకొక పాఠం అప్పజెప్పు, అప్పుడు పోదువు" అనేదాన్ని. నగలేదు.

ఆదివారాలు పిల్లోళ్ళు వచ్చేటోళ్ళు. జమ్మలమడుగు రోడ్డులో వాళ్ళ ఊరు, షేర్ ఆటోలో కిక్కిరిసి వచ్చేటోళ్ళు. వస్తానే నా చుట్టూ మూగి, "అవ్వా, మేడం లేచిందా? మేడం తినిందా?" అనేటోళ్ళు. మంచం చుట్టూ కింద కూచునేటోళ్ళు. మా చెల్లెలు వాళ్ళను ఒక్కొక్కరినే చూసి, గడ్డం ఎత్తి "అంటే?" అనేది.

వాళ్ళకు అది కొత్తేం కాదు గదా. ఎంటనే అందుకునేటోళ్ళు.

"అంటే మాకు క్వార్టర్లీ అయిపొయినాయి మేడం."

"అంటే?"

"అంటే వీనికి సోషల్లో తక్కువొచ్చినాయి మేడం, మీరు లేరని చదవలేదంట."

"అబద్దం మేడం! వాడే కాపీ కొట్టినాడు."

"అంటే?"

"అంటే మీరు ఎప్పుడొస్తారు మేడం?" అని ఒక ఆడపిల్ల అడిగింది. నేను బొరుగుల పళ్ళెం తెచ్చి నడుమ పెట్టినా.

బయటినుంచి ఎవరైనా వింటే ఆ ఇంట్లో పాఠం జరుగుతాందనే అనుకుంటారు. నాకూ అట్లనే అనిపించేది. అదే నన్ను ఆశపెట్టింది.

హెడ్మాస్టరు సారు మంచోడు. చూడొచ్చి, వాకిట్లో నాతో నెమ్మదిగా అన్నాడు. "ఒక దినం బడికి పిల్చకరా అమ్మా. పిల్లోళ్ళ ముందర నిలబడితే మాట వస్తాదేమో, ఎవరు చూసొచ్చినారు. ఆమె జాగాలో ఒక చిన్న సారు చెప్తాండాడు, అతనికి నేను చెప్తా."

ఆ మాట లోపలున్న ఆమె చెవిన పడింది. ఆ దినం నుంచి నన్ను నిలవనిస్తేనా. చీర తనే ఏరుకుంది, నీలం అంచుది. ఒంటిచేత్తో ముఖానికి పౌడరేసుకుంది. జడ నేనేసినా. ఆటోలో పోతాంటే దోవ పొడుగునా చేలల్లోకి తొంగి తొంగి చూసింది.

ఆ బడి లోపలికి నేను పోయింది అదే మొదటిసారి. ఏడో తరగతి. అందరూ లేచి "గుడ్ మార్నింగ్ మేడం" అని రాగం తీసినారు. చిన్న సారు పక్కకు తప్పుకొని గోడకు నిలబడినాడు. నన్ను తలుపు కాడ కుర్చీలో కూచోమన్నారు.

ఆనాటి పాఠం నదులు. గోడ మీద కొత్త పటం. మా చెల్లెలు కుడికాలు ఈడ్చుకుంటా పటం కాడికి పోయింది. ఎడమచెయ్యి ఎత్తి మన జిల్లా మీద నీలం గీత ముట్టుకుంది. గడ్డం ఎత్తింది.

"అంటే?"

"పెన్నా!" అని తరగతంతా.

వేలు కొంచెం కిందికి జరిగింది. "అంటే?"

"జమ్మలమడుగు!"

"అంటే?"

"పొద్దుటూరు!"

"అంటే?"

"చెన్నూరు!"

వేలు పోతాంది, గొంతులు ఎంటపోతాండాయి. నెల్లూరు. సముద్రం. సముద్రం అనేటప్పుడు బెంచీలు దద్దరిల్లినాయి. ఆమె మొగంలో మునపటి ఎలుగు. ఒక్క మాటతో పాఠం చెప్పొచ్చు గదా, ఎవరు కాదంటారు, ఈ బిడ్డలు తక్కిన మాటలన్నీ వాళ్ళే చెప్తారు గదా అనుకున్నా. మనసులోనే హెడ్మాస్టరు సారుకు అర్జీ పెట్టుకుంటాండా.

అప్పుడు ఆమె వేలు మళ్ళా పైకి, గీత మొదటికి పోయింది. అంటే, ఈ ఏరు యాడ పుట్టింది అని.

"అంటే?"

ముందర బెంచీలో ఒక పాప లేచింది. "గండికోట కాడ మేడం! మా నాయన చూపిచ్చినాడు. రెండు కొండల నడమ నుంచి వస్తాది."

"అవును మేడం, గండికోట!" అని అందరూ.

మా చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "అంటే..."

ఆమె కాదు అంటాంది. వాళ్ళు మళ్ళా చెప్పమంటాంది అనుకున్నారు. ఆ మాటకు వాళ్ళు నేర్చుకున్న అర్థం అదొక్కటే. ఆమే నేర్పిచ్చింది.

"గండికోట!" ఇంకా గట్టిగా.

"అంటే! అంటే!"

"గండికోట మేడం! గండికోట!"

ఆమె ఎంత కాదంటే వాళ్ళు అంత గట్టిగా అరుస్తాండారు. వంచిన తలలు, పెన్నులు, అందరూ పుస్తకాల్లో రాసుకుంటాండారు. ఆమె అరచేత్తో పటాన్ని కొట్టింది. వేలు ఎడమపక్కకు, అనంతపురం దాటి, పటం అంచు దాటి పోయింది. ఆ ఏరు పుట్టిన కొండ మన రాష్ట్రం పటంలో లేదు. వేలు ఉత్త గోడ మీద ఆగింది.

"గోడ మేడం" అని ఎవరో అన్నారు.

"పెన్నా గోడలో పుట్టిందంట రోయ్" అని ఎనకనుంచి ఒక గొంతు. కొంతమంది నగినారు. పిల్లోళ్ళు గదా, ఎగతాళికి కాదు, నగొచ్చింది నగినారు.

ఆమె సుద్దముక్క తీసుకుంది. ఎడమచేత్తో బోర్డు మీద పెట్టింది. ఒక వంకర గీత వచ్చింది, అక్షరం రాలే. ఇంకొకటి పెట్టింది. అదీ గీతే.

నంది కొండలు. నాకు తెలుసు. ఎన్నిసార్లు చెప్పలేదు ఆమె, మా పడసాలలో నిలబడి. "మన పెన్నా కన్నడపోళ్ళ బిడ్డక్కా, నంది కొండల్లో పుట్టి మనింటికి కోడలై వచ్చింది" అని. ఆ మాట నా నాలుక మీదికొచ్చింది. కుర్చీలోనుంచి సగం లేచినా.

ఆమె నన్నే చూస్తాంది. అంతమంది తలల మీదుగా. నేనేం చెప్పబోతాండానో ఆమెకు తెలిసిపోయింది. తల ఊపింది, కొంచెంగా. వద్దక్కా అని. ఆ ఇంట్లో మనిద్దరికీ ఎన్నైనా ఉండనీ, ఈడ కాదు అని.

నేను కూచుండిపోయినా.

ఆమె తిరిగి, గోడకు నిలబడిన చిన్న సారు కాడికి నడిచింది. సుద్దముక్క అతని ముందరికి చాపింది. అతను తీసుకోలే. "మీరు చెప్పండి మేడం, పర్లేదు మేడం" అంటాండాడు. ఆమె అతని చెయ్యి పట్టుకొని, అరచేతిలో సుద్దముక్క పెట్టి, వేళ్ళు మూసింది. బయటికి వచ్చేసింది.

మేము వరండా దిగుతాంటే లోపల అతను చెప్పేది వినపడింది. "మేడం చూపించినదే సరి. పెన్నా పుట్టింది కర్ణాటకలో, నంది కొండల్లో. గండికోట కొట్టేసి రాసుకోండి." కాగితాల మీద పెన్నులు గీకే చప్పుడు. ఆమె ఆగలే, తిరిగి చూడలే.

ఉద్యోగం చాలించుకునే కాగితాలు తయారైనాయి. సంతకం చేయాల్సిన కాడ ఆమె ఎడమచేత్తో పెన్ను పట్టుకొని శానాసేపు చూసింది. మళ్ళా పెన్ను కింద పెట్టి, బొటనవేలు చాపింది. మా అమ్మ వేలిముద్రే వేసేది, నేను నా పేరు కూడబలుక్కొని రాస్తా. మా ఇంట్లో గుండ్రంగా సంతకం పెట్టేది ఆమె ఒక్కతే. ఆఫీసాయన ఇంకు డబ్బా జరిపినాడు. వేలు నేనే తుడిచినా. ఇంకు పోలేదు.

ఆ సందకాడ ఏం చేయాల్నో తెలియక, అలవాటు చొప్పున ఆమె ముందర నిలబడినా. "అశోకుని కాలంలో దోవ పక్కన..." అని మొదలుపెట్టినా. ఆమె లేచి వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. మెత్తగానే పెట్టింది. ఆ దినం నుంచి మా ఇంట్లో పాఠాల్లేవు. అంటే అనడం గూడా మానేసింది. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తాది. డాక్టరమ్మ మాట్లాడించమనిందని నేను సతాయిస్తే మొగం గోడ పక్కకు తిప్పుకుంటాది.

పిల్లోళ్ళు ఇప్పటికీ వస్తాండారు, మునపటంత మంది కాదు. ఆదివారం పొద్దున్నే ఆమె నాకు దువ్వెన అందిస్తాది. జడేపిచ్చుకొని, మంచి చీర చుట్టుకొని, పడసాలలో వాకిలి కనపడేట్టు కూచుంటాది. వీధి మలుపులో ఆటో ఆగిన చప్పుడు, "అవ్వా" అనే గొంతులు వినపడతానే లేచి, కాలు ఈడ్చుకుంటా లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంటాది.

"మేడం యాడుంది అవ్వా?"

"పనుకోనుంది నాయనా."

"లేసినంక మేమొచ్చినామని చెప్పవ్వా."

"చెప్తాలే" అంటా. వాళ్ళు చెప్పులు గూడా ఇడవకుండా కాసేపు గడపలో నిలబడి, నేనిచ్చిన బొరుగులు తిని పోతారు. ఆటో కదిలినంక తలుపు తీసుకొని వస్తాది. వాళ్ళు నిలబడిన కాడ గడప మీద రాలిన బొరుగులు ఉంటాయి. వంగి, ఎడమచేత్తో ఒక్కొక్కటే ఏరుకుంటాది. నేను చీపురు తేబోతే తేనియ్యదు.